మైకు లేని రోజుల్లో సేనాని మాట ఎంత దూరం పోయేది?

ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధం మీద ఒక చిన్న నాటకం రాస్తున్నాను. పోరు మొదలయ్యే ముందు సేనాని గుర్రం మీద నిలబడి వేలమందితో మాట్లాడే సీను ఉంది. నిజంగా అలాగే జరిగేదా? మైకు లేకుండా అందరికీ ఎలా వినపడేది? ఏం చెప్తే వాళ్ళు కదిలేవాళ్ళు?

జవాబు:

అలాంటి సీను అసలు జరగనే జరగదని అనను. కాని అరుదు. జరిగినా దానివల్ల అయ్యే పని మనం అనుకునేంత ఉండదు. సైనికుణ్ణి నిలబెట్టే పని పోరుకి చాలా రోజుల ముందే మొదలవుతుంది. కడుపులో తిండి పడిందా, సంచిలో తూటాలు ఉన్నాయా, పక్కన నిలబడేది ఎవడు, పైవాడు ఇదివరకు ఇచ్చిన మాట మీద ఉన్నాడా... వీటన్నిటి తర్వాతే ప్రసంగం. మీ నాటకానికి గెటిస్‌బర్గ్ యుద్ధం (1863 జూలై 1 నుంచి 3 వరకు) తీసుకోండి. అందులోనూ ఉత్తరాది సైన్యంలో 20వ మెయిన్ రెజిమెంట్‌నే తీసుకోమంటాను. (మెయిన్ ఒక రాష్ట్రం పేరు. రెజిమెంట్ అంటే ఒక కల్నల్ నడిపే దళం, అందులో కంపెనీలనే చిన్న భాగాలు ఉంటాయి.) ఈ పని ఎలా జరిగిందో మొదట్నుంచి చివరిదాకా అక్కడ కనిపిస్తుంది.

ముందు వినపడటం సంగతి. ఆ రోజుల్లో రెజిమెంట్ పోరుకి నిలబడితే ఒకరి వెనక ఒకరుగా రెండు వరుసలు, భుజం భుజం తగిలేలా ఉంటుంది. మనిషికి సుమారు రెండడుగుల చోటు. జూలై 2న 20వ మెయిన్‌లో తుపాకులు పట్టినవాళ్ళు 358 మంది. రెండు వరుసలు చేస్తే 360 అడుగుల దాకా పొడవు. అదే పూర్తి బలంతో వెయ్యిమంది ఉంటే మూడు వందల గజాలు దాటిపోతుంది. మధ్యలో నిలబడి ఎంత అరిచినా రెండు కొసలకీ ఒకే మాట చేరదు. పైగా కవాతు నియమం ప్రకారం యుద్ధ వరుసలో కల్నల్ ముందు ఉండడు. వరుస వెనకాల ముప్ఫై అడుగుల దూరంలో ఉంటాడు. (ఇక్కడ అడుగంటే నడక అడుగు, కొలత అడుగు కాదు.) ఆయన ఆజ్ఞ ఇస్తే కంపెనీ కెప్టెన్లు దాన్నే తిరిగి అరుస్తారు. వెనక వరుసకి దగ్గరగా సార్జెంట్లు, లెఫ్టినెంట్లు ఉంటారు. వెనక్కి జారేవాణ్ణి పట్టి మళ్ళీ వరుసలో నెట్టడం వాళ్ళ పని. అంటే మీ సీనులో గుర్రం మీద ముందు నిలబడ్డవాడు పోరు మొదలైతే అక్కడ ఉండడు.

అందరికీ చెప్పాల్సింది ఉంటే వరుస మార్చేవారు. మూడు వైపులా మనుషుల్ని నిలబెట్టి, మధ్యలో ఖాళీ ఉంచి, నాలుగో వైపు నుంచి మాట్లాడేవారు. లేదా కంపెనీలని ఒకదాని వెనక ఒకటి దగ్గరగా చేర్చేవారు. అలా చేస్తే మూడు నాలుగు వందలమందికి గొంతు బాగానే అందుతుంది. మరి 90,000 దాటిన సైన్యానికి? అక్కడ గొంతు పనికిరాదు, కాగితమే దిక్కు. పై నుంచి వచ్చిన ఉత్తర్వుని రెజిమెంట్ల దాకా దింపి, ఒక్కో రెజిమెంట్ ముందు దాన్ని చదివి వినిపించేవారు. అదే మాట ఒక రెజిమెంట్ పొద్దున వింటే ఇంకోటి సాయంత్రం వినేది.

గెటిస్‌బర్గ్‌కి ముందు అచ్చంగా ఇదే జరిగింది. జార్జ్ మీడ్ ఉత్తరాది సైన్యానికి అధిపతి అయింది జూన్ 28న. జూన్ 30న ఆయన ఒక సర్క్యులర్ పంపాడు. కోర్ కమాండర్లు (కోర్ అంటే సైన్యంలో ఒక పెద్ద భాగం), మిగతా అధికారులు అందరూ పోరుకి ముందు తమ సైనికులతో మాట్లాడాలి, ఇందులో ఏం పణంగా ఉందో క్లుప్తంగా వివరించాలి అని అందులో ఉంది. శత్రువు మన నేల మీద ఉన్నాడని, ఇళ్ళూ పొయ్యిలూ దేవుడి పీఠాలూ ప్రమాదంలో ఉన్నాయని, తగిన మాటల్లో చెబితే ఈ సైన్యం ఇంతకుముందు కంటే గట్టిగా పోరాడుతుందని రాశాడు. చివర్లో ఇంకో వాక్యం ఉంది: ఈ ఘడియలో విధి తప్పిన సైనికుణ్ణి అక్కడికక్కడే చంపమని ఆజ్ఞ ఇచ్చే అధికారం కమాండర్లకి ఉంటుంది. ధైర్యం చెప్పమన్న కాగితంలోనే చావు బెదిరింపు కూడా ఉందన్నమాట. మీ నాటకంలో ఈ రెండూ ఒకే కాగితం మీద కనపడాలని నా కోరిక. కల్నల్ దాన్ని చదువుతూ ఆ చివరి వాక్యం దగ్గర ఏం చేస్తాడో చూపిస్తే చాలు, మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది.

అదే రోజు ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. కదలమని ఆజ్ఞ రాగానే మందుగుండు బళ్ళు తప్ప వేరే బళ్ళు ఏవీ వెంట రాకుండా నడవాలి, మనిషి సంచిలో మూడు రోజుల రేషన్ ఉండాలి, ఒంటి మీద 60 తూటాలు ఉండాలి. చదివే ప్రసంగం కంటే సైనికుడికి ఇదే ఎక్కువ చెబుతుంది. తూటాల పెట్టెలో పట్టేది నలభయ్యే. మిగతా ఇరవై జేబుల్లో వేసుకోమంటున్నారంటే రేపు గట్టి పోరు ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు. రేషన్ అంటే రోజుకి తొమ్మిది పది గట్టి బిస్కట్లు, కాస్త పంది మాంసం, కాఫీ. ఆ బిస్కట్టుని తుపాకి మడమతో పగలగొట్టి కాఫీలో నానబెట్టుకుని తినేవాళ్ళు. నాటకంలో ముందు వినపడాల్సింది ఈ చప్పుడు, ఆ తర్వాతే మాటలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 20వ మెయిన్‌కి ఆ మే నెలలో కొత్తగా కల్నల్ అయిన జోషువా చాంబర్లెయిన్ అంతకుముందు బోడిన్ కాలేజీలో ప్రొఫెసర్. చెప్పిన పాఠాల్లో వక్తృత్వం ఒకటి. ఉపన్యాసం ఎలా ఇవ్వాలో నేర్పినవాడు. ఆయన చేతికి 1863 మే చివర్లో 120 మంది తిరగబడ్డ సైనికుల్ని అప్పగించారు. వీళ్ళు 2వ మెయిన్ రెజిమెంట్ వాళ్ళు. ఆ రెజిమెంట్ రెండేళ్ళ ఒప్పందం ముగిసి ఇంటికి వెళ్ళిపోయింది. ఈ 120 మంది మాత్రం మూడేళ్ళ కాగితాల మీద సంతకాలు పెట్టి ఉన్నారు. చేరేటప్పుడు "రెజిమెంట్‌తో పాటే మీరూ ఇంటికి పోతారు" అని చెబితే నమ్మారు. తీరా టైము వచ్చాక కాగితం చూపించి ఆపేశారు. వాళ్ళు పని చేయమని కూర్చున్నారు. బాయ్‌నెట్లు (తుపాకి కొసకి తగిలించే కత్తులు) పట్టిన కాపలా మధ్య తీసుకొచ్చారు, అప్పటికి వాళ్ళకి సరిగ్గా తిండి పెట్టి మూడు రోజులైంది. మాట వినకపోతే కాల్చెయ్యవచ్చు అనే ఆజ్ఞ వెంట వచ్చిందని చాంబర్లెయిన్ తర్వాత రాసుకున్నాడు.

ఆయన చేసిన పనుల వరుస చూడండి, మీకు సీను ఇక్కడే దొరుకుతుంది. మొదట గుర్రమెక్కి మీడ్ దగ్గరికి (అప్పటికి మీడ్ 5వ కోర్ కమాండర్) వెళ్ళి, వీళ్ళ సంగతి నా పద్ధతిలో చూసుకుంటానని అనుమతి తెచ్చుకున్నాడు. తర్వాత కాపలా తీసేశాడు. తర్వాత అన్నం పెట్టించాడు. తర్వాత వాళ్ళని ఒక గుంపుగా ఉంచకుండా పది కంపెనీల్లోకి పంచాడు, సగటున కంపెనీకి పన్నెండుమంది. అన్నీ అయ్యాకే పిలిచి మాట్లాడాడు. ఆ మాటల సారాంశం ఇది: మిమ్మల్ని పౌరుల్లా, అతిథుల్లా నా దగ్గర ఉంచుకోలేను, ప్రభుత్వ జాబితాలో మీరు సైనికులు, సైనికుల్ని చూడాల్సినట్టే చూస్తాను, ఆజ్ఞ పాటించినంత మాత్రాన మీ హక్కు ఏదీ పోదు, మీ ఫిర్యాదు మీద నేను చేయగలిగింది చేస్తాను. అన్నట్టుగానే మెయిన్ గవర్నర్‌కి వాళ్ళ తరఫున ఉత్తరాలు రాశాడు. కొద్దిమంది తప్ప అందరూ తుపాకి పట్టారు.

వీళ్ళలో దేశభక్తి తక్కువై మొరాయించలేదు. రెండేళ్ళు పోరాడి వచ్చినవాళ్ళు వాళ్ళు. చేరేటప్పుడు ఎవరో చెప్పిన మాట తప్పింది కాబట్టి మొరాయించారు. మాట పోయిన చోట ఇంకో అందమైన మాట పనిచేయదు. అందుకే ఆయన జెండా గురించీ దేశం గురించీ ఎత్తుకోకుండా, హక్కు గురించి, తను చేయగలిగినదాని గురించి మాత్రమే చెప్పాడు. "మిమ్మల్ని ఇంటికి పంపిస్తాను" అనలేదు, ఎందుకంటే అది ఆయన చేతిలో లేదు.

పంచడంలో కూడా లెక్క ఉంది. గుంపుగా ఉన్న అలకకి బలం ఎక్కువ. విడదీస్తే ఒక్కొక్కడు కొత్త మనుషుల మధ్య పడతాడు. అదే సమయంలో 20వ మెయిన్ వాళ్ళకి ఫ్రెడెరిక్స్‌బర్గ్ తప్ప పెద్ద పోరు అనుభవం లేదు. ఆ మే మొదట్లో చాన్సెలర్స్‌విల్ పోరు జరిగే రోజుల్లో మశూచి టీకాలు వికటించి రెజిమెంట్ పక్కకి పోయింది. కాబట్టి ప్రతి కంపెనీలోనూ దెబ్బలు తిన్న పన్నెండుమంది చేరడం రెండు వైపులా మేలు చేసింది.

అన్నం ముందు, మాట తర్వాత అనేది మన పల్నాటివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 12వ శతాబ్దంలో దాయాదుల మధ్య వచ్చిన పల్నాటి యుద్ధం కూడా అంతర్యుద్ధమే కదా. బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే చాపకూడు గుర్తొస్తుంది. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించడం. ఇప్పటికీ కారెంపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవాల్లో అది జరుగుతుంది. రేపు పక్కపక్కన నిలబడి చావాల్సినవాళ్ళు ఇవాళ పక్కపక్కన కూర్చుని తినాలి. ఆ పని చేయించడం కూడా సేనాని పనే.

ఇక జూలై 2 మధ్యాహ్నం. 20వ మెయిన్‌తో కలిపి నాలుగు రెజిమెంట్లున్న తన బ్రిగేడ్‌ని కల్నల్ స్ట్రాంగ్ విన్సెంట్ హడావుడిగా లిటిల్ రౌండ్ టాప్ కొండ మీదికి తీసుకెళ్ళాడు. ఆ బ్రిగేడ్‌కి తనదైన బ్యూగిల్ పిలుపు ఉండేది. పాత బ్రిగేడ్ కమాండర్ బటర్‌ఫీల్డ్ కట్టింది. సైనికులు దానికి "డాన్, డాన్, డాన్, బటర్‌ఫీల్డ్, బటర్‌ఫీల్డ్" అని మాటలు కట్టుకుని పాడుకునేవాళ్ళు. పక్క బ్రిగేడ్ బ్యూగిళ్ళతో కలిసిపోకుండా, ముందు ఈ పిలుపు ఊది తర్వాత ఆజ్ఞ ఊదేవారు. గొంతు చేరని చోటికి చేరేది ఇదే.

నాలుగు రెజిమెంట్లలో 20వ మెయిన్ ఎడమ కొసన నిలబడింది. విన్సెంట్ చాంబర్లెయిన్‌కి చెప్పింది ఒక్కటే సంగతి: మొత్తం సైన్యం వరుసకి ఎడమ కొస ఇదే, ఏమైనా సరే ఈ చోటు నిలబెట్టాలి. ఆ రోజు ఇంతకంటే మంచి ప్రసంగం ఎవరూ చేయలేదని నేను అనుకుంటాను. ఎందుకంటే అందులో "ఇదే కొస" అనే ఒక్క నిజం ఉంది. నీ ఎడమ పక్కన ఇంకెవరూ లేరు, నువ్వు కదిలితే వెనక దారి తెరుచుకుంటుంది. ఎవడికైనా అర్థమవుతుంది, పక్కవాడికి రెండు ముక్కల్లో చెప్పగలుగుతాడు. వరుస పొడవునా నోటి నుంచి నోటికి పోయినా పాడవకుండా ఉండేది అలాంటి మాటే.

పోరుకి ముందు చిన్న సంగతులు ఇంకా ఉన్నాయి. కొండ ఎక్కుతుండగా ఒక ఫిరంగి గుండు చాంబర్లెయిన్ సోదరులు ముగ్గురి దగ్గరగా దూసుకుపోయింది. ఇంకో గుండు ఇలాగే వస్తే అమ్మకి కష్టమవుతుందని చెప్పి తమ్ముళ్ళు టామ్‌నీ జాన్‌నీ చెరో పనికి పంపేశాడు. వంటవాళ్ళు, సేవకులు కూడా తుపాకి అడిగి వరుసలోకి వచ్చారు. ఒక కంపెనీని కెప్టెన్ మోరిల్‌తో ఎడమ ముందుకి, చెట్లలోకి పంపాడు.

ఎదురుగా వచ్చింది విలియం ఓట్స్ నడిపిన దక్షిణాది రెజిమెంట్, 15వ అలబామా. ధైర్యంలో వాళ్ళు ఎవరికీ తీసిపోరు. ఆ తెల్లవారుజాము నుంచి 25 మైళ్ళ దాకా నడిచి వచ్చారు. నీళ్ళు అయిపోతే కంపెనీకి ఇద్దరు చొప్పున 22 మందిని అందరి నీళ్ళ డబ్బాలూ ఇచ్చి నింపుకురమ్మని పంపాడు ఓట్స్. వాళ్ళు తిరిగి రాకముందే ముందుకి కదలమని ఆజ్ఞ వచ్చింది. ఆ 22 మందీ డబ్బాలతో సహా పట్టుబడ్డారు. మిగతావాళ్ళు నీటిచుక్క లేకుండా జూలై ఎండలో ముందు పెద్ద కొండ ఎక్కి, దిగి, మళ్ళీ ఈ కొండ మీదికి దాడి చేశారు. అప్పటి తూటా కాగితంలో చుట్టి ఉండేది. దాన్ని పళ్ళతో చింపి మందు గొట్టంలో పోయాలి. ప్రతి తూటాకీ కాస్త మందు నోట్లో పడుతుంది. అందులోని సురేకారం నోటిని ఎండగడుతుంది. పది తూటాలు కాల్చేసరికి పెదవులు నల్లబడి నాలుక అతుక్కుపోతుంది. దాహం ఎంత దెబ్బ తీసిందో ఓట్స్ తర్వాత రాశాడు. ఆయన సొంత తమ్ముడు జాన్ ఆ కొండ మీద దెబ్బతిని, ఆ తర్వాత చనిపోయాడు. ఆ మనిషి ఎంత గొప్పగా మాట్లాడినా ఆ 22 మంది డబ్బాల లోటు తీరేది కాదు.

పోరు గంటకి పైగా సాగింది. నిమిషానికి మూడు తూటాలు కాల్చగలవాడికి 60 తూటాలు ఇరవై నిమిషాల పని. పొదుపుగా కాల్చినా అయిపోయాయి. పడిపోయినవాళ్ళ పెట్టెల్లోంచి తీసుకుని కాల్చారు. అదీ అయ్యాక చాంబర్లెయిన్ "బాయ్‌నెట్" అన్నాడు. ఆ ఒక్క మాటే సరిపోయిందని ఆయన రాశాడు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఎడమ భాగం నడిపిన ఎలిస్ స్పియర్, తనకి ఏ ఆజ్ఞా అందలేదని తర్వాత చెప్పాడు. కేకలు విని, జెండా ముందుకి కదలడం చూసి తన మనుషుల్ని నడిపాడు. అంటే 358 మంది వరుసలో కూడా కల్నల్ నోటి మాట కొస దాకా పోలేదు. పోయింది జెండా. పొగలో, చప్పుడులో జెండా ఎటు పోతే అటు. ఆ జెండా పట్టిన సార్జెంట్ ఆండ్రూ టోజియర్ 2వ మెయిన్ నుంచి వచ్చినవాడే. చుట్టూ అందరూ పడిపోతుంటే జెండా కర్రని మోచేతి వంపులో ఇరికించుకుని, కింద దొరికిన తుపాకి కాలుస్తూ నిలబడ్డాడు. మే నెలలో ఆ 120 మందినీ బెదిరించి ఊరుకుని ఉంటే జూలైలో వరుస మధ్యలో ఆ జెండా ఎవరు పట్టేవారో ఆలోచించండి.

ప్రసంగాలు కూడా ఉన్నాయి ఆ మూడు రోజుల్లో. జూలై 2నే ఉత్తరాది వైపు ఐరిష్ బ్రిగేడ్‌లో 530 మంది దాకా గోధుమ చేను వైపు కదిలే ముందు, చాప్లిన్ (సైన్యంతో ఉండే మతగురువు) విలియం కోర్బీ ఒక బండ ఎక్కి అందరికీ కలిపి పాప విమోచనం ఇచ్చాడు. అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. జెండా విడిచి పారిపోయినవాడికి చర్చి క్రైస్తవ సమాధి ఇవ్వదని కూడా చెప్పాడు. 530 మంది, ఒక బండ, అందరికీ తెలిసిన ప్రార్థన. మాట వినపడకపోయినా చెయ్యి ఎత్తడం కనపడితే చాలు. వేలమంది ముందు పనిచేసేది ఇలాంటి ముందే తెలిసిన మాట.

జూలై 3న దక్షిణాది వైపు జార్జ్ పికెట్ తన డివిజన్‌ని లేపుతూ మీరు వర్జీనియావాళ్ళనే సంగతి మరిచిపోకండని అన్నాడు. అంతర్యుద్ధంలో ఈ రకం మాటే ఎక్కువ వినపడుతుంది. ఎదుటివాడు పరాయివాడు కాడు. అదే భాష, అదే బైబిలు, కొన్నిసార్లు అదే కాలేజీ. పికెట్ కింద బ్రిగేడ్ నడిపిన లూయిస్ ఆర్మిస్టెడ్ దాడి చేసిన గోడ వెనక ఉన్న ఉత్తరాది సేనాని హాంకాక్ ఆయన పాత స్నేహితుడు. శత్రువుని రాక్షసుడిగా చూపించడం కష్టం కాబట్టి రాష్ట్రం పేరు, ఊరి పేరు, ఇంటివాళ్ళ పేరు పట్టుకుంటారు. ఆర్మిస్టెడ్ టోపీని కత్తి మొనకి గుచ్చి పైకెత్తాడు, వెనకున్నవాళ్ళకి కనపడేలా. నడుస్తుంటే మొన టోపీని చీల్చుకుని పైకి వచ్చి, టోపీ పిడి దాకా జారిపోయింది. మళ్ళీ పైకి తోశాడు. ఆ బ్రిగేడ్ వాళ్ళు గుర్తుపెట్టుకున్నది ఆ టోపీని.

ఇలాంటి మాటల పని పాడయ్యేది ఎక్కడ? ముందుగానే మాట్లాడి తర్వాత కూర్చోబెట్టడం ఒకటి. ఆ రోజు ఫిరంగుల మోత మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైంది. దాడి కదిలేదాకా పికెట్ మనుషులు ఎండలో నేలకి అతుక్కుని గుళ్ళ కింద పడుకున్నారు. చెప్పిన ధైర్యం అంతసేపు ఆగదు, కదిలే క్షణానికి మళ్ళీ చెప్పాలి. ఇంకోటి అబద్ధం. జూలై 1 రాత్రి 5వ కోర్ నడుస్తుండగా పాత సేనాధిపతి మక్లెల్లన్ మళ్ళీ సేనాధిపతి అయ్యాడని పుకారు వచ్చింది. అలసిన మనుషులు కేకలు వేసి అడుగు పెంచారు. కాని అది అబద్ధం. ఒక రాత్రి నడకకి పనికొస్తుంది, రెండోసారి అదే నోటితో నిజం చెప్పినా నమ్మేవాడుండడు. బెదిరింపు సంగతి చెప్పాను కదా. ఆ అధికారం చేతిలో ఉండి కూడా వాడకపోవడమే చాంబర్లెయిన్‌కి పనిచేసింది.

మీ నాటకానికి వస్తే, గుర్రం తీసేయండి. సీను మే నెలలో పెట్టండి: కాపలా పోయింది, గిన్నెలు వచ్చాయి, ఒకడు తినకుండా కూర్చున్నాడు. కల్నల్ మాట ఒక నిమిషానికి మించకూడదు, పెద్ద పెద్ద మాటలు వద్దు. జూలై సీనులో ముందు ఆ బ్యూగిల్ పిలుపు రెండుసార్లు వినిపించండి. కల్నల్ ఒక వాక్యం చెప్పాక ఆ వాక్యాన్నే ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు అరవాలి. ప్రేక్షకుల వైపు కొసన ఉన్న సైనికుడు పక్కవాణ్ణి "ఏమన్నాడు?" అని అడగాలి. ఆ పక్కవాడు "ఎడమ కొస మనమే" అని రెండు ముక్కల్లో చెప్పాలి. కాగితం తూటాలు నటులకి నిజంగా పళ్ళతో చింపడం నేర్పించండి, మందు బదులు బొగ్గు పొడి కొంచెం పెదవులకి రాస్తే చాలు. అమెరికాలో ఉన్నవాళ్ళెవరైనా మీ బృందంలో ఉంటే గెటిస్‌బర్గ్ వెళ్ళి చూడమనండి, వాషింగ్టన్ నుంచి రెండు గంటల ప్రయాణం. చాలామంది కొండ పైన ఉత్తరాది సేనాని వారెన్ విగ్రహం దగ్గర ఫొటోలు తీసుకుని తిరిగిపోతారు. 20వ మెయిన్ రాతి గుర్తు అక్కడ కాదు, దక్షిణం వైపు దిగువన చెట్ల మధ్య ఉంది. దాని పక్కన ఒకరు నిలబడి, వరుస పొడవు కొలిచి, కొసన ఇంకొకర్ని నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడి చూడమనండి.